సున్నా పెట్టే చోటు

...లేదా పట్టీ పాడైపోయి ఉండాలి, ఇంకేముంటుంది, చెమట లోపలికి దిగి ఉంటుంది, నుదుటి దగ్గర తీగ ఎక్కడో చిట్లి ఉంటుంది, ఎందుకంటే ఒక మనిషి అంత నెమ్మదిగా టీ తాగుతూ, పక్కవాళ్ళ మాటలకి అంత హాయిగా నవ్వుతూ ఉండగా ఆమె గీత అంత ఎత్తున ఉండటానికి వీల్లేదు, అనుకుంటున్నాడు చయనులు. తెర మీద తక్కిన అందరి గీతలూ అడుగున, కరెంటు తీగ మీద పిచ్చుకల్లా దగ్గరదగ్గరగా సర్దుకుని ఉన్నాయి. మర్జానా గీత ఒక్కటే పైఅంచుని పట్టుకుని ఉంది. వణకడం లేదు, జారడం లేదు. ఎవరో బరువైన వస్తువుని రెండు చేతులా ఎత్తి పట్టుకుని, ఎత్తి పట్టుకున్న సంగతే మరిచిపోయినట్టు తిన్నగా ఉంది.

ఆ పోలిక తనకెందుకు తట్టిందో అతనికి అర్థం కాలేదు. పోలికలు ఊరికే రావు, మనసుకి ముందే తెలిసినదాన్ని అవి దొంగతనంగా మోసుకొస్తాయి అని అతనే విద్యార్థులకు చెబుతుంటాడు. అయినా ఈసారికి పట్టీ పాడైందనే అనుకోదలిచాడు.

ఎరుక పట్టీ అతని జీవితం. నుదుటికి కట్టుకుంటే, మనిషి ఒళ్ళు లోలోపల ఎంత కాపలా కాస్తోందో అది చెబుతుంది. భయానికి గుండెదడ ఉంది, కోపానికి రక్తపు పోటు ఉంది, వాటిని కొలవడానికి పాత యంత్రాలున్నాయి. కాపలా వాటికంటే మెత్తనిది. వెనకాల తలుపు తెరుచుకున్నప్పుడు, తిరిగి చూడాలా వద్దా అని మెడ తనలో తాను తర్కించుకునే క్షణం అది. దాన్ని పట్టుకోవడానికి చయనులు యౌవనమంతా ఖర్చయింది. పట్టుకున్నాక దానికి తీగలూ లెక్కలూ సమకూర్చి, జేబురుమాలంత పట్టీలో ఇమిడ్చింది మర్జానా. ఒకరి కాపలాను నమోదుచేసి, కాసేపు ఇంకొకరి ఒంటికి ఎక్కించే పద్ధతి కూడా ఆమెదే. ప్రయోగశాలలో దాన్ని అరువు అంటారు.

ఇప్పుడు ప్రభుత్వానికి ఆ పట్టీ కావాలి. రకరకాల జాతుల, కులాల, మతాల మనుషులు కలిసి పనిచేసే మిల్లుల్లో, ఆఫీసుల్లో పట్టీలు కట్టి చూసి, గీతలన్నీ అడుగున ఉన్నచోటికి సామరస్య ముద్ర ఇవ్వాలని ఆలోచన. ప్రయోగంగా కొన్నిచోట్ల ఇచ్చారు కూడా. వచ్చేవారం కార్మిక శాఖ కమిషనర్ గారి కమిటీ ప్రయోగశాలకి వచ్చి, కళ్ళారా చూసి, సరేనంటే అది చట్టమవుతుంది.

ఆమె విప్పి పెట్టి వెళ్ళిన పట్టీని చయనులు తన నుదుటికి కట్టుకున్నాడు. యంత్రం క్యాబినెట్ పైనున్న తెల్లబటన్ నొక్కాడు. గీత బుద్ధిగా కిందకి దిగి కూర్చుంది.

"పట్టీ బాగానే ఉందమ్మా," అన్నాడు మర్జానా లోపలికి రాగానే, నేరం చేసినవాడిలా.

"తెలుసు సార్. చేసింది నేనే కదా."

"మరి పొద్దుటి గీత ఏమిటి?"

ఆమె తెర ముందు నిలబడి, నమోదై ఉన్న తన పొద్దుటి గీతను చూసింది. పొడగరి, నల్లని మనిషి. నిజాం కాలంలో గుర్రపు దళానికి ఆఫ్రికా నుంచి తెచ్చిన సిద్దీల సంతతి. హైదరాబాదులో ఆ దళం పేరే నిలిచిన ఏ.సీ. గార్డ్స్‌లో పుట్టి, అక్కడే పెరిగి, ఆ బస్తీ నుంచే రోజూ తార్నాక దాటి ఈ పాత మేడకు వస్తుంది. ప్రయోగశాలకు ఏ అతిథి వచ్చినా చయనులు ఆమెను చూపించి, "ఈ అమ్మాయి నిలకడ చూడండి, భూకంపం వచ్చినా కప్పు తొణకదు," అనేవాడు. నిజంగానే అనేవాడు.

"పొద్దున నేను లేటుగ వచ్చిన సార్. మీరు సున్నా పెట్టినంక," అంది. "నిన్న అమ్మీ మోకాలు నొప్పంటే ఇంట్లనే ఉండి పనిచేసిన గదా, పట్టీ, దాని చిన్న తెర తీస్కపోయిన. అలవాటుగ పొద్దున టీ తాగి ఇంట్లనే సున్నా పెట్టిన. ఇయ్యాల మీ బటన్ అందలే. ఇంటి సున్నానే ఉండిపోయింది."

"అయితే ఇంట్లో పెట్టిన సున్నా తప్పన్నమాట."

"గట్లెందుకనుకున్నరు?"

 ఎందుకనుకున్నాడో అతనికీ తెలియదు.

సున్నా పెట్టడం ఆ ప్రయోగశాలకి పూజలాంటిది. రోజూ పొద్దున్నే అందరూ సెమినార్ గదిలో పట్టీలు కట్టుకుని కూర్చుంటారు. చయనులు తనే టీ కాస్తాడు, తనే కెటిల్ పట్టుకుని ఒక్కొక్కరికీ పోస్తాడు, ప్యూను దగ్గర్నుంచి అతిథి ప్రొఫెసర్ దాకా. ఎవరినీ లేవనివ్వడు. కబుర్లు, జోకులు, నవ్వులు. అందరి ఒళ్ళూ మెత్తబడ్డాయని తోచినప్పుడు బటన్ నొక్కి "సున్నా" అంటాడు. ఆ క్షణంలో ఎవరి ఒళ్ళు ఎలా ఉందో అదే వాళ్ళ విశ్రాంతి అని యంత్రం రాసుకుంటుంది. రోజంతా కొలిచేది దానిమీద ఎంత పెరిగిందన్నదే. ముద్ర వేయడానికి వెళ్ళిన ప్రతి మిల్లులోనూ ఇదే పద్ధతి నేర్పారు: ముందు అందరికీ టీ, తర్వాత సున్నా.

"కూరగాయల బండి కాడ చూసిన్రా సార్?" అంది మర్జానా. "ఖాళీ గిన్నె కాటా మీద పెట్టి సున్నా చేస్తరు. గిన్నె బరువు పోతది. ఇంక అది లేనట్టే. నేను రోజూ గిన్నె పట్టుకునే వస్తున్న. మీరు టీ పోసి, గిన్నెను సున్నా చేస్తున్నరు."

చెబుతూ నవ్వింది. ఎప్పటి నవ్వే, అతను మెచ్చుకునే నవ్వే.

"ఒక్కరోజు గీతని పట్టుకుని అలా తేల్చేస్తే ఎలాగమ్మా? మీ ఇంట్లో ఎప్పుడూ సందడేనని నువ్వే అంటావు. ఆ గోలలో పెట్టిన సున్నా ఎంతవరకు..."

"వచ్చి చూడున్రి. మీ పట్టీ కూడా తెచ్చుకోన్రి."

*

ఆదివారం సాయంత్రం అతను వెళ్ళాడు. ఇన్నేళ్ళుగా కలిసి పనిచేస్తున్నా వాళ్ళింటికి వెళ్ళలేదన్న సంగతి ఆటోలో గుర్తొచ్చింది. తను ఎవరింటికీ వెళ్ళడు కదా అని సర్దిచెప్పుకున్నాడు. ఆటో ప్రయోగశాలలో తమతో పనిచేసే విష్ణు ఇంటిమీదుగానే వెళ్ళింది. విష్ణు కొడుకు అన్నప్రాశనకి తను వెళ్ళాడు.

సన్నని సందు. ఇంటి ముందు మర్జానా మేనమామ కొడుకులు ఎవరి పెళ్ళిలోనో వాయించడానికి తయారవుతూ, కాగితాల మంటమీద మర్ఫా డప్పుల తోలు వేడిచేసి, టపటపా కొట్టి చూసుకుంటున్నారు. పిల్లలు చుట్టూ గంతులేస్తున్నారు. పక్కింట్లో ఎవరో ఫోనులో అరుస్తున్నారు. మర్జానా తల్లి జమీలా బీ మోకాలికి గుడ్డ కట్టుకుని మంచం మీద కూర్చుని ఉంది. చయనులు సందులోకి అడుగుపెట్టగానే అందరూ తలలు తిప్పి చూశారు. చెడ్డగా కాదు. ఊరికే, చూశారు.

"కూసోన్రి సార్. ఏ ఊరు మీది?" అంది జమీలా బీ.

"ఇక్కడేనండి, నల్లకుంట."

"గది గాదు. అసలు ఎక్కడోళ్ళు?"

"రాజోలు దగ్గరండి. కోనసీమ."

"అగో, బయటికెల్లి వచ్చిన్రు! ఎన్కకు పోవాలనిపియ్యదా?"

"చదువుకోవడానికొచ్చి ఉండిపోయానండి."

"మంచిగ చేసిన్రు. మా హైదరాబాద్ అందర్నీ పెట్టుకుంటది. మీ మాటనే ఇంకా జర సాపు కాలే గానీ, నేర్చుకుంటరు తియ్."

మర్జానా పగలబడి నవ్వింది. గోడకి చేయి ఆనించుకుని, తల వెనక్కి వేసి, నోరంతా తెరిచి. "అమ్మీ, ఆయన ప్రొఫెసర్!" అంది. "అయితేంది, ప్రొఫెసర్లు పుట్టరా యాడనన్న?" అంది తల్లి. చయనులు కూడా నవ్వాడు. నవ్వుతూనే తన నవ్వు కాస్త ముందుగా మొదలైందనీ, కాస్త ఆలస్యంగా ఆగిందనీ గమనించాడు. గ్లాసు రెండు చేతులతో పట్టుకుని ఉన్నాడు. వీపు గోడకి ఆనేటట్టు కుర్చీ ఎప్పుడు జరుపుకున్నాడో తెలియదు.

మర్జానా జేబులోంచి చిన్న తెర తీసి అతని ముందు పెట్టింది. డప్పుల మోతలో, పిల్లల గోలలో ఆమె గీత అడుగుకు దిగి, నిద్రపోయే కుక్కలా సాగిలపడి ఉంది. అతని గీత పైన ఉంది. పొద్దున ఇంట్లో ఒంటరిగా కూర్చుని సున్నా పెట్టుకొచ్చాడు. పట్టీ అబద్ధం చెప్పదని అతనికన్నా బాగా తెలిసినవాళ్ళు ఎవరూ లేరు.

"ఎవరన్నా ఏమన్నా అన్నరా సార్ మిమ్మల్ని?" అంది ఆమె మెల్లగా.

"లేదు. చాలా మర్యాదగా ఉన్నారు."

"అవును. మీ ల్యాబ్‌ల కూడా."

*

సోమవారం అతను అరువు అడిగాడు. ఏడాది కిందట ఒకరోజు, గేటు దగ్గర్నుంచి టీ పూర్తయ్యేదాకా ఆమె కాపలా అంతా నమోదై ఉంది. ఏదో పరీక్ష కోసం తీసింది, ఎవరూ వాడలేదు.

మర్జానా వెంటనే ఒప్పుకోలేదు. కుర్చీ వెనక నిలబడి, కుర్చీ అంచుని వేళ్ళతో రాస్తూ ఉండిపోయింది.

"ఒకటి చెప్త సార్. అరువు పనిచేస్తుందా లేదా అని మొదట చూసింది నా మీదనే. అప్పుడు ఎక్కించుకున్నది మీ టీ."

"నాదా? ఎప్పుడూ చెప్పలేదే!"

"ఏం చెప్పాలె? ఏం లేకుండె దాంట్ల. అదే. ఏం లేకుండె. గదిలోపలికి వచ్చిన్రు, కూసున్నరు, అంతే. ఎనక ఎవరున్నరో మీ వీపుకు అక్కర్లేదు. అంత ఖాళీ ఉంటదని నాకు తెల్వదు. అప్పటిదాంక, అందరికీ ఇంతే ఉంటది, నేనే ఓర్చుకోలేకపోతున్న అనుకున్న. మెట్ల కాడ కూసుని ఏడ్చిన సార్, ఎంత మంచిగుండెనో." ఆమె వేళ్ళు ఆగాయి. "మల్ల నాది నాకు వచ్చింది. అంతకు ముందు దానికి బరువు లేకుండె. ఆ దినం నుంచి ఉంది."

 చయనులుకి, ఇన్నాళ్ళూ తను కొలుస్తున్నది ఏమిటో, ఆ కొలవడం ఆమెను ఏం చేసిందో ఒకేసారి కనబడ్డాయి. సుఖం అనేది తన సొంత గుణమనీ, ధ్యానం వల్లా చదువు వల్లా ఏకాంతం వల్లా సంపాదించుకున్నదనీ అతను అనుకుంటూ వచ్చాడు. ఆమె దాన్ని అరువు తెచ్చుకుని, రుచి చూసి, తిరిగి ఇచ్చేసింది.

"నీకు ఇష్టం లేకపోతే వద్దు."

"తీసుకోన్రి," అంది. "కానీ సగంల తీసేయొద్దు."

పట్టీ బిగించింది.

అరువులో ఆలోచనలు రావు, మాటలు రావు. ఒళ్ళు మాత్రమే వస్తుంది. మొదట కుడి అరచేయి. దాంట్లో గుర్తింపు కార్డు అంచు. గేటు ఇంకా రాకముందే, వీధి మలుపులోనే కార్డు చేతిలోకి వచ్చేసింది. గేటు దగ్గర భుజాలు వెడల్పు తగ్గాయి, అడుగు నెమ్మదించింది. పరిగెత్తుతున్నట్టు కనబడకూడదు, తారట్లాడుతున్నట్టూ కనబడకూడదు. ఆ రెంటి మధ్య సరిగ్గా ఒక నడక ఉంది, ఆ ఒళ్ళు దాన్ని వెతుక్కోకుండానే అందుకుంది. వాచ్‌మన్ తనకేసి చేయెత్తి నమస్కారం పెట్టే ఆ గేటే ఇది అని చయనులుకి ఎక్కడో దూరాన గుర్తొచ్చింది.

తర్వాత గది. తలుపు ఎక్కడుందో వీపుకి తెలుసు. ఎవరు ఎటు తిరిగి ఉన్నారో చర్మానికి తెలుసు. గొంతులో ఒక మాట లేచింది, నాలుక దాకా వచ్చి, అక్కడ ఎవరో దాని అంచులు చెక్కి, కాస్త చిన్నది చేసి, కాస్త మెత్తగా చేసి బయటికి పంపారు. మళ్ళీ ఇంకో మాట. మళ్ళీ చెక్కడం. ఇదంతా ఏ కంగారూ లేకుండా, చేయి తిరిగిన కమ్మరి పనిలా జరుగుతోంది. అప్పుడు ఎడమ వైపు నుంచి ఒక నవ్వు వచ్చింది. ఆ నవ్వు అతనికి తెలుసు, ఆ రోజూ గుర్తుంది. విష్ణు తన చెల్లెలి పెళ్ళి గురించి చెబుతూ, "మర్జానక్కా, మర్ఫా మీవాళ్ళదే! రేటు తగ్గించి మాట్లాడిపెట్టాలి మరి," అన్నాడు. అందరూ నవ్వారు. తనూ నవ్వాడు. ఇప్పుడు ఆ నవ్వు వచ్చి తాకిన చోట ఒళ్ళంతా సగం క్షణం ఆగింది. నవ్వితే ఒకటి, నవ్వకపోతే ఒకటి, ఎక్కువ నవ్వితే ఇంకొకటి, జవాబిస్తే మరొకటి, ఎన్నో దారులు ఒక్కసారే తెరుచుకుని, ఒక్కొక్క దారి చివరిదాకా వెళ్ళి చూసొచ్చి, ఒళ్ళు ఒకదాన్ని ఎంచుకుంది. పెదవులు విచ్చుకున్నాయి. కప్పు తొణకలేదు.

కప్పు తొణకలేదని తను ఇన్నాళ్ళూ చూసింది దీన్నే.

దీనంతటి కిందా, ఇంకా లోతున, నుదుటి మధ్య ఒక చిన్న వెచ్చదనం ఆగకుండా తిరుగుతోంది. అదేమిటో అతనికి తెలుసు. తనకీ ఉంటుంది అది, లెక్క కుదురుతున్నప్పుడు. ఆ పొద్దున ఇంత కాపలా కాస్తూనే, ఆ పక్కనే, ఆమె ఏదో లెక్క చేసుకుంటోంది. ఆ వారమే ఆమె పట్టీలోని పెద్ద చిక్కు విప్పింది. అతనికి గుర్తుంది. ఇంత పని చేస్తున్న ఒంటిలో ఆ వెచ్చదనానికి చోటెక్కడ దొరికింది? తనకు ఇల్లంతా ఖాళీ ఉంది, గదులన్నీ తనవే, అయినా లెక్క కుదరడానికి ఏళ్ళు పట్టింది.

మర్జానా పట్టీ విప్పేసరికి అతని కళ్ళలో నీళ్ళున్నాయి. అవి జాలివి కావు. గొప్ప గాయకుడి పక్కన కూర్చుని, ఆయన గొంతు లోపల ఏం చేస్తున్నాడో మొదటిసారి చూసినవాడి కళ్ళు అవి.

"అమ్మా, ఇది... ఇంత నేర్పు... నేను ఇన్నేళ్ళ చదువులో ఇలాంటిది..."

"మెచ్చుకోకున్రి సార్," అంది మర్జానా, తీగలు చుట్టుకుంటూ. "సున్నా మార్చున్రి."

*

"సున్నా ఇంట్లో పెట్టుకురమ్మంటే కమిటీ నవ్వుతుంది సార్," అన్నాడు విష్ణు. విష్ణువర్ధన్ యంత్రాల పని చూస్తాడు. ముద్ర పనంతా తిరిగి తిరిగి సాధించింది అతనే. "ఇప్పటికే ముద్ర ఇచ్చిన చోట్లన్నీ మళ్ళీ మొదట్నుంచి కొలవాలి. ఇచ్చినవి తప్పని మనమే చెప్పుకోవాలి. అయినా సగటు బాగానే ఉందిగా?"

"సగటులో ఆ అమ్మాయి ఎక్కడుంది విష్ణూ?"

"మన ల్యాబ్‌లో ఆవిడకి ఏం తక్కువైంది సార్? నిజం చెప్పండి. ఎవర్నైనా అడగండి. నేను అక్కా అని పిలుస్తాను. మా చెల్లి పెళ్ళికి వాళ్ళ ఇంటిల్లిపాదినీ పిలిచాను. మా అమ్మ ఆవిడకి వేరే టిఫిన్ డబ్బా పంపిస్తుంది."  అతను అబద్ధం చెప్పడం లేదు. చయనులుకి అదే కష్టంగా ఉంది. విష్ణు పట్టీ కట్టుకుని ఈ మాట చెప్పినా గీత అడుగునే ఉంటుంది. అతను ఉన్న గది అలాంటిది. మర్జానా ఉన్న గది ఇంకొకటి. రెండు గదులకీ అవే గోడలు, అదే టీ.

"నేనేం తప్పు చేశానో చెప్పమనండి. కాళ్ళమీద పడి క్షమాపణ అడుగుతాను."

"నువ్వు తప్పు చేశావని ఆ అమ్మాయి అనలేదయ్యా. సున్నా తప్పంది."

"రెండూ ఒకటే కదా సార్," అని విష్ణు వెళ్ళిపోయాడు.

అరువు పూర్తిగా దిగిపోదు. కొంచెం అడుగున మిగిలిపోతుంది, ఎంగిలి గ్లాసులో టీ పొడిలా. ఆ వారమంతా చయనులుకి తలుపులు తెలుస్తూ ఉన్నాయి. కూరగాయల కొట్టు దగ్గర, బస్సులో, తన సొంత వరండాలో కూడా. ఒకరోజు రోజూ తను కూర్చునే కుర్చీలో కూర్చోబోయి ఆగాడు. సెమినార్ గదిలో అన్నిటికన్నా మంచి కుర్చీ అది, అందరూ కనబడతారు, వెనక ఎవరూ ఉండరు. ఇన్నేళ్ళలో దాన్ని ఎంచుకున్నానని అతనికి తెలియదు. ఖాళీగా ఉంటుంది కాబట్టి కూర్చుంటున్నాననుకున్నాడు.

ఇంకొకటి కూడా తెలిసింది. నల్లకుంటలో ఇంట్లో ఒంటరిగా పెట్టుకున్న సున్నాతో ప్రయోగశాలకి వచ్చి చూసుకుంటే, టీ పోస్తున్నప్పుడు అతని గీత సున్నాకన్నా కిందకి పోయింది. యంత్రం ఆ కింద చూపించలేక తెర అంచుకి అతుక్కుంది. అంటే ఈ గదే అతనికి ఇల్లు. మనుషులు, నవ్వులు, తన చేతి కెటిల్, ప్రపంచంలో ఇంతకన్నా మెత్తని చోటు అతనికి లేదు. అందుకే ఇది అందరికీ విశ్రాంతి అనుకున్నాడు. తన పరుపు మీద అందర్నీ పడుకోబెట్టి, ఎంత బాగా నిద్రపోయారో రాసుకున్నాడు. సున్నా తీసేయడమంటే ఆ టీని తీసేయడం. తనకున్న ఒకే ఒక్క ఇంటిని అందరి ముందూ ఇల్లు కాదని ఒప్పుకోవడం.

కమిటీ రావడానికి ముందురోజు సాయంత్రం మర్జానా బ్యాగు సర్దుకుంటూ అతని బల్ల దగ్గర ఆగింది.

"రేపు ఇంట్ల సున్నా పెట్టుకొస్త సార్. మీరు బటన్ నొక్కితే అది చెరిగిపోతది. ల్యాబ్ సున్నా వస్తది. నొక్కాల్నా వద్దా మీ ఇష్టం, నేనేం అనను."

"నువ్వే కమిషనర్ గారికి చెప్పొచ్చు కదమ్మా."

"చెప్తే నమ్ముతరా? ఇన్ని దినాలు, నాకు మంచిగ లేదంటే మనుషులు 'నీకట్ల అనిపిస్తుందంతే' అంటుండ్రి. రేపు చట్టం అయినంక యంత్రం కూడా అదే అంటది. మా చిన్నక్క బిడ్డ వచ్చే ఏడు బట్టల మిల్లుల చేరుతుంది. గోడకు ముద్ర ఉంటది. దాని కింద నిలబడి అది ఎవరికి చెప్పుకోవాలె?" బ్యాగు భుజాన వేసుకుంది. తర్వాత కొంచెం నవ్వింది, ఇంటి నవ్వులో పావు వంతు. "అమ్మీ అడుగుతుంది మిమ్మల్ని. మాట సాపైందా అని."

*

కమిషనర్ గారు సాదా నేతచీరలో వచ్చారు. వెంట ఇద్దరు అధికారులు. విష్ణు కొత్త చొక్కా వేసుకుని, గుమ్మం దగ్గర చేతులు జోడించి నిలబడ్డాడు. మర్జానా ల్యాబ్‌లో అందరిలాగే పట్టీ కట్టుకుని తన చోట, గోడకి వీపు ఆనించి కూర్చుంది. చయనులు కెటిల్ తెచ్చాడు. చేయి అలవాటు ప్రకారమే పోస్తూ పోయింది. కమిషనర్ గారికి, అధికారులకి, విష్ణుకి, మర్జానాకి. మర్జానా కప్పు రెండు చేతులతో అందుకుంది. ఆ చేతుల్లో ఏం జరుగుతోందో ఇప్పుడు అతనికి తెలుసు.

"ఎంత బాగుందండీ ఈ పద్ధతి!" అన్నారు కమిషనర్ గారు. "హెడ్ గారే టీ పోయడం! మా ఆఫీసులోనూ పెట్టాలి. ఇదంతా ఒక కుటుంబంలా ఉంది."

"కుటుంబమే మేడం," అన్నాడు విష్ణు. "ఏం మర్జానక్కా?"

గది నవ్వింది. చయనులు మెడకండరం తిరగకుండా తిరిగింది. మర్జానా పెదవులు విచ్చుకోవడం, అంతకుముందు వచ్చిన సగం క్షణం, రెండూ అతనికి కనబడ్డాయి. ఆ సగం క్షణం ఈ గదిలో ఇంకెవరికీ కనబడలేదు.

"ఇక మొదలుపెట్టండి ప్రొఫెసర్ గారూ," అన్నారు కమిషనర్ గారు. తెర ఇంకా నల్లగా ఉంది. బటన్ నొక్కగానే వెలుగుతుంది, గీతలన్నీ అడుగున వరుసగా కూర్చుంటాయి, అందరూ చప్పట్లు కొడతారు. అంతే పని.

అతను తన కప్పూ సాసరుతో క్యాబినెట్ దగ్గరికి వెళ్ళాడు. తెల్లబటన్ రోజూ తన వేలు తగిలీ తగిలీ మధ్యలో నునుపు తేలింది. దానిమీద వేలు పెట్టాడు. వెచ్చగా ఉంది, లేదా తన వేలే వెచ్చగా ఉంది. వెనక గదంతా అతని వీపుకి తెలుస్తోంది. విష్ణు ఊపిరి బిగబట్టాడు. ఎవరో చెంచా పక్కన పెట్టారు. గోడ వైపు నుంచి మాత్రం ఏ చప్పుడూ లేదు. ఆమె అటే చూస్తోందో లేదో కూడా తెలియదు. బహుశా చూడటం లేదు. తన కప్పుని చూసుకుంటూ, ఏదైనా లెక్క చేసుకుంటూ ఉండవచ్చు.

"సార్, సున్నా..." అన్నాడు విష్ణు, గుర్తుచేస్తున్నట్టు.

చయనులు వేలు వెనక్కి తీసుకున్నాడు. పక్కన, పట్టీల్లో ఉన్న సున్నాలతోనే తెర వెలిగించే మీటని పైకి నెట్టాడు. తెర వెలిగింది. గీతలు ఒక్కొక్కటే లేస్తున్నాయి. ఇంకా ఎవరూ తెరవైపు చూడకముందే, ఎవరి చేయీ పొరపాటున తగలకుండా, అతను తన కప్పు కింది సాసర్ తీసి బటన్ మీద బోర్లించాడు.